బజర్‌తో బహుమతి బాణీలు: ఆట ఆగకుండా వినిపించడం ఎలా? తెరుచుకున్న బాణీలను గుర్తుంచుకోవడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. ఆర్డుయినో ఊనో అనే, ప్రోగ్రాం రాసి నడిపించుకునే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు మీద నాలుగు బటన్లు, నాలుగు రంగుల ఎల్‌ఈడీలు, ఒక చిన్న బజర్ పెట్టి జ్ఞాపకశక్తి ఆట ఒకటి తయారు చేస్తున్నాను. ఎల్‌ఈడీలు ఏ వరుసలో వెలిగాయో అదే వరుసలో ఆడేవారు బటన్లు నొక్కాలి. సరిగా నొక్కిన ప్రతిసారీ వరుస ఒక అడుగు పెరుగుతుంది. ఇంతవరకూ ఆట చక్కగానే నడుస్తోంది. దీనికి నేను చేర్చాలనుకున్నవి బహుమతి బాణీలు. వరుస 5 అడుగులకు చేరితే ఒక బాణీ, 8కి చేరితే మరొకటి, ఇలా మొత్తం ఆరు బాణీలు ఒక్కొక్కటిగా అన్‌లాక్ కావాలి. ఒకసారి తెరుచుకున్న బాణీని ఆ తరువాత ఎప్పుడైనా మెనూలోకి వెళ్లి వినగలగాలి. వీడియో గేముల్లో దాచి ఉంచిన పాత్రలూ దశలూ తెరుచుకున్నప్పుడు కలిగే సంబరం నాకు చిన్నప్పటి నుంచీ ఎంతో ఇష్టం. ఆ సంబరాన్ని ఇంత చిన్న బోర్డు మీద కూడా కలిగించాలన్న కోరికతోనే ఈ పని మొదలుపెట్టాను.

నాకు నాలుగు ఇబ్బందులు ఎదురయ్యాయి. మొదటిది, బాణీ మోగుతున్నంతసేపూ బటన్లు పనిచేయడం లేదు. ప్రతి స్వరానికీ ధ్వని పుట్టించే టోన్ ఫంక్షన్‌ను పిలిచి, ఆ స్వరం నిడివి మేరకు డిలే (ప్రోగ్రాంను ఆపి ఉంచే ఆదేశం) పెడుతున్నాను. రెండవది, తెరుచుకున్న బాణీలను కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ మెమరీలో ఒక బైట్‌గా రాస్తున్నాను, ఒక్కో బిట్ ఒక్కో బాణీకి గుర్తు. పాత బోర్డు మీద సరిగానే ఉంది కానీ, అదే స్కెచ్‌ను (ప్రోగ్రాంను) కొత్త బోర్డులోకి ఎక్కించి మొదటిసారి ఆన్ చేస్తే ఆరు బాణీలూ అప్పటికే తెరిచి ఉన్నాయి. పాత బోర్డులో మాత్రం స్కెచ్‌ను మళ్లీ మళ్లీ ఎక్కించినా తెరుచుకున్నవి మూతపడటం లేదు. మూడవది, ఆరవ బాణీని చేర్చినప్పటి నుంచి ఆట మధ్యలో బోర్డు తనంతట తానే మళ్లీ మొదలవుతోంది. ఒక్కో బాణీలో సుమారు 60 స్వరాలు ఉన్నాయి. చివరిది ధ్వని గురించి: కింది స్వరాలు దాదాపు వినిపించవు, పై స్వరాలు చెవిలో గుచ్చుకుంటాయి. బాణీ మోగేటప్పుడు 11వ పిన్‌కు కలిపిన ఎల్‌ఈడీ వెలుగు కూడా అదుపు తప్పుతోంది. బజర్ లోపమా, నా కోడ్ లోపమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు 1

మొదట బజర్ సంగతి తేల్చేద్దాం. బజర్లలో రెండు రకాలు ఉన్నాయి. యాక్టివ్ బజర్‌లో ధ్వనిని పుట్టించే ఆసిలేటర్ లోపలే ఉంటుంది, కరెంటు ఇస్తే చాలు ఒకే స్థాయిలో మోగుతుంది. దానితో బాణీలు పలికించలేము. పాసివ్ బజర్‌కు మనమే స్వరానికి తగిన వేగంతో కరెంటును ఇస్తూ ఆపుతూ ఉండాలి. మీకు కింది స్వరాలూ పై స్వరాలూ వేర్వేరుగా వినిపిస్తున్నాయంటే మీ దగ్గర ఉన్నది పాసివ్ బజరే, కాబట్టి దానిని మార్చవలసిన పని లేదు.

11వ పిన్ ఎల్‌ఈడీ అదుపు తప్పడానికి కారణం టైమర్, అంటే చిప్‌లో సమయాన్ని లెక్కించే భాగం. ఊనోలో టోన్ ఫంక్షన్ 2వ టైమర్‌ను తన పనికి తీసుకుంటుంది. 3, 11 పిన్‌లలో వెలుగును తగ్గించి పెంచే పని కూడా అదే టైమర్‌ది. ఒకే టైమర్ ఒకే సమయంలో రెండు పనులు చేయలేదు గనుక, ఆ ఎల్‌ఈడీని 5, 6, 9, 10 పిన్‌లలో ఒకదానికి మార్చండి.

ఇక అసలు విషయం. బటన్లు పనిచేయకపోవడానికి టోన్ కారణమని చాలామంది అనుకుంటారు, కానీ తప్పు దానిది కాదు. టోన్‌కు స్వరంతో పాటు నిడివిని కూడా ఇస్తే, అది టైమర్‌కు పని అప్పగించి ఆ క్షణమే తిరిగి వచ్చేస్తుంది. నిడివి ముగిసినప్పుడు ధ్వని తనంతట తానే ఆగిపోతుంది. బోర్డును నిలబెట్టేస్తున్నది మీ డిలే. 60 స్వరాలు, ఒక్కొక్కటి 250 మిల్లీసెకన్లు అనుకుంటే, 15 సెకన్ల పాటు మీ ప్రోగ్రాం కళ్లు మూసుకుని కూర్చుంటోంది.

డిలేను పూర్తిగా తీసివేసి, బాణీ ఎంతవరకు వచ్చిందన్నది ఎప్పటికప్పుడు చూసుకునే పద్ధతికి మారండి. ప్రస్తుతం మోగుతున్నది ఏ బాణీ, అందులో ఎన్నవ స్వరం, ఆ స్వరం ఎప్పుడు మొదలైంది అనే మూడు సంగతులను మూడు వేరియబుల్స్‌లో ఉంచుకుంటే చాలు. లూప్ (బోర్డు పదేపదే నడిపే ప్రోగ్రాం భాగం) తిరిగిన ప్రతిసారీ, మిల్లీసెకన్లను లెక్కించే మిల్లిస్ ఫంక్షన్ ఇచ్చే ప్రస్తుత సమయంలోంచి స్వరం మొదలైన సమయాన్ని తీసివేయండి. వచ్చిన తేడా ఆ స్వరం నిడివిని దాటితే తరువాతి స్వరాన్ని మొదలుపెట్టండి, దాటకపోతే ఏమీ చేయకుండా ముందుకు వెళ్లిపోండి. అప్పుడు లూప్ సెకనుకు వేలసార్లు తిరుగుతూ, ప్రతిసారీ బటన్లనూ ఎల్‌ఈడీలనూ బాణీనీ చూసుకుంటూ ఉంటుంది. ఇక్కడ కూడికను వాడకుండా తీసివేతనే వాడమని ప్రత్యేకంగా చెబుతున్నాను. మిల్లిస్ లెక్క సుమారు 49.7 రోజులకు ఒకసారి సున్నాకు తిరిగి వస్తుంది. ధన, ఋణ గుర్తు లేని (అన్‌సైన్డ్) పూర్ణాంకాలతో తీసివేత చేస్తే ఆ మలుపులో కూడా జవాబు సరిగానే వస్తుంది.

బటన్ నొక్కినప్పుడు కలిగే అదురును దాటడానికి కూడా మీరు డిలేనే వాడుతూ ఉండవచ్చు. అక్కడ కూడా ఇదే పద్ధతి పెట్టి, మార్పు వచ్చిన తరువాత 30 మిల్లీసెకన్ల పాటు స్థిరంగా ఉంటేనే నొక్కినట్టు లెక్కించండి. ఒకచోట డిలే తీసి మరొకచోట ఉంచితే సగం రోగం మిగిలిపోతుంది.

జవాబు 2

పై జవాబు రాసినవారు సమయం గురించి చెప్పవలసినదంతా చెప్పారు కాబట్టి నేను మెమరీ గురించి మాత్రమే రాస్తాను.

మీ బోర్డు తనంతట తాను మళ్లీ మొదలుకావడానికి కారణం చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఊనోలోని ఏటీమెగా328పీ చిప్‌లో, ప్రోగ్రాం నడిచేటప్పుడు వాడుకునే ర్యామ్ మెమరీ మొత్తం 2048 బైట్లు. ఆరు బాణీలు, ఒక్కొక్కదానిలో 60 స్వరాలు, స్వరానికి రెండు బైట్లు, నిడివికి రెండు బైట్లు అనుకుంటే 1440 బైట్లు అవుతాయి. మిగిలిన 600 బైట్లలోనే ఆట వేరియబుల్స్, సీరియల్ బఫర్లు, ఫంక్షన్లు పిలిచినప్పుడు వాడే స్టాక్ అన్నీ ఇమడాలి. ఇమడలేనప్పుడు ఒకటి మరొకదాని మీద రాసేస్తుంది. కంపైల్ చేసినప్పుడు మెమరీ తక్కువగా ఉందని హెచ్చరిక వచ్చి ఉండాలి, ఒకసారి చూడండి.

బాణీలు మారవు గనుక వాటికి ర్యామ్ అవసరం లేదు. ఇదే చిప్‌లో ప్రోగ్రాంను దాచి ఉంచే ఫ్లాష్ మెమరీ 32 కిలోబైట్లు ఉంది. విలువ మారదని చెప్పే కాన్‌స్ట్ అనే మాట రాసినంత మాత్రాన ఈ చిప్‌లో పట్టిక ఫ్లాష్‌లోనే ఉండిపోదు, ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ర్యామ్‌లోకి నకలవుతుంది. పట్టికను ఫ్లాష్‌లోనే ఉంచమని చెప్పే ప్రోగ్‌మెమ్ అనే మాటను కూడా చేర్చి, చదివేటప్పుడు అందుకు ఉన్న ప్రత్యేక ఫంక్షన్లతో చదవాలి. ఇంకొంచెం శ్రద్ధ పెడితే, స్వరానికి ఫ్రీక్వెన్సీ రాయడం మాని దాని వరుస సంఖ్యను ఒక బైట్‌లోనూ, నిడివిని మిల్లీసెకన్లలో రాయడం మాని ఇన్ని మాత్రలు అని మరొక బైట్‌లోనూ రాయవచ్చు. అప్పుడు ఆరు బాణీలూ 720 బైట్లే అవుతాయి. అంతకన్నా నాకు నచ్చే లాభం, ఒక మాత్రకు ఎన్ని మిల్లీసెకన్లు అనే ఒక్క సంఖ్యను మార్చి బాణీ మొత్తాన్ని వేగంగానో నెమ్మదిగానో పలికించవచ్చు. ఫ్రీక్వెన్సీల పట్టికను కట్టడం కూడా కష్టం కాదు: 440 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి ఒక్కో అరస్వరానికి 1.0595తో గుణిస్తూ పోతే పన్నెండవ మెట్టుకు 880 వస్తుంది.

ఈఈప్రామ్ విషయానికి వస్తే, రాయని గడిలో సున్నా ఉంటుందని మీరు అనుకున్నారు. నిజానికి ఖాళీ గడిలో అన్ని బిట్‌లూ 1గానే ఉంటాయి, చదివితే 255 వస్తుంది. మీ కోడ్‌లో 1 అంటే తెరుచుకున్నది కాబట్టి కొత్త బోర్డు అన్ని బాణీలనూ తెరిచి చూపించింది. అర్థాన్ని తలకిందులు చేసి 0 అంటే తెరుచుకున్నది అనుకున్నా సమస్య తీరుతుంది, కానీ ముందు రెండు గడుల్లో మీకు మాత్రమే తెలిసిన ఒక ముద్ర రాసుకోవడం మేలని నా అభిప్రాయం. ఆన్ చేయగానే ఆ ముద్ర కనిపించకపోతే ఇది కొత్త బోర్డు అని గ్రహించి, బాణీల బైట్‌ను సున్నా చేసి, ఆ తరువాతే ముద్ర రాయాలి. ముద్రను చివరనే రాయాలి, ఎందుకంటే మధ్యలో కరెంటు పోయినా తరువాతిసారి ఆన్ చేసినప్పుడు పని మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది.

పాత బోర్డులో బాణీలు మూతపడకపోవడం లోపం కాదు. యూఎస్‌బీ ద్వారా స్కెచ్ ఎక్కించినప్పుడు ఫ్లాష్ మాత్రమే మారుతుంది, ఈఈప్రామ్ జోలికి ఎవరూ పోరు. మీకు చెరపడం అవసరమైతే, ఆన్ చేసేటప్పుడు రెండు బటన్లను 3 సెకన్లు కలిపి నొక్కి ఉంచితే ముద్ర చెరిగిపోయేలా ఒక మార్గం పెట్టుకోండి.

రాయడానికి రైట్ ఫంక్షన్ బదులు అప్‌డేట్ ఫంక్షన్‌ను వాడండి. విలువ మారితేనే అది రాస్తుంది. ఈ చిప్ ఈఈప్రామ్‌లో ఒక్కో గడికి 1,00,000 సార్లు చెరిపి రాయడం వరకే తయారీదారు హామీ. ఒకసారి రాయడానికి సుమారు 3.4 మిల్లీసెకన్లు పడుతుంది. పొరపాటున ప్రతి లూప్‌లోనూ రైట్ ఉండిపోతే ఆ హామీ 6 నిమిషాలలోపే ఖర్చయిపోతుంది. ఇంకొక మాట: బాణీ అన్‌లాక్ అయిన వెంటనే, అది మోగడం మొదలుకాక ముందే రాసేయండి. ఆడేవారు బాణీ వింటూ వింటూ స్విచ్ ఆపేయవచ్చు. సంపాదించుకున్న బహుమతి మరునాడు కనిపించకపోతే ఆ మనిషి ఆ ఆటను మళ్లీ చేతిలోకి తీసుకోరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. డిలేలన్నీ తీసేశాను, బాణీలను ఫ్లాష్‌లోకి మార్చాను. నిన్న రాత్రి రెండు గంటల సేపు ఆడాను, బోర్డు ఒక్కసారి కూడా తిరిగి మొదలుకాలేదు. కొత్త బోర్డు మీద ఆరు బాణీలూ మూసే ఉన్నాయి. 11వ పిన్ ఎల్‌ఈడీని 9కి మార్చాను.

ఇప్పుడు మరో మూడు సందేహాలు మిగిలాయి. బహుమతి బాణీ మోగుతుండగా ఆడేవారు బటన్ నొక్కితే బాణీని ఆపేయాలా, పూర్తిగా వినిపించాలా? ఏడవదిగా ఒక రహస్య బాణీని పెట్టి, మెనూలో బటన్లను ఒక ప్రత్యేక వరుసలో నొక్కితేనే అది తెరుచుకునేలా చేయాలనుకుంటున్నాను. నేను రాసిన కోడ్ కొన్నిసార్లు సరైన వరుసను కూడా ఒప్పుకోవడం లేదు. ధ్వని గురించి కూడా ఇంకా ఎవరూ చెప్పలేదు.

జవాబు 3

ధ్వని గురించి నేను చెబుతాను, నాకు ఇందులో ఇష్టమైన భాగం అదే.

చిన్న పియెజో బజర్లు (కరెంటుకు వంగి కదిలే పలుచని పలకతో మోగేవి) సాధారణంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఎక్కడో ఒకచోట అన్నిటికన్నా గట్టిగా మోగుతాయి, అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ ధ్వని బలహీనపడుతుంది. 262 హెర్ట్జ్ స్వరాన్ని దానితో పలికించడమంటే చిన్న పిల్లనగ్రోవితో మంద్రస్థాయి పలికించమని అడగడమే. బాణీ మొత్తాన్ని ఒకటి రెండు స్థాయిలు పైకి జరపండి. స్థాయి పెంచడమంటే ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేయడమే కాబట్టి 262 కాస్తా 523 అవుతుంది, ఇంకో స్థాయికి 1047 అవుతుంది. పై స్వరాలు గుచ్చుకోవడానికి కూడా కారణం ఇదే. బజర్‌కు అనువైన చోటికి దగ్గరగా వచ్చిన స్వరాలు మిగతావాటిని మింగేస్తాయి. బాణీ అంతటినీ ఒకటిన్నర స్థాయి మించని పరిధిలో ఉంచుకుంటే ఈ హెచ్చుతగ్గులు అంతగా తెలియవు. మొత్తం మీద ధ్వని ఎక్కువనిపిస్తే బజర్‌కు వరుసలో ఒక రెసిస్టర్ పెట్టి, దాని విలువను పెంచుతూ చూడండి. మీ బజర్ పియెజో రకం కాక లోపల తీగచుట్ట ఉన్న రకమైతే మాత్రం మల్టీమీటర్‌తో దాని నిరోధాన్ని కొలవండి. పదుల ఓమ్‌లలోనే ఉంటే దానిని నేరుగా పిన్‌కు కలపకూడదు, ఎందుకంటే ఈ చిప్ పిన్ ఒక్కొక్కటీ తట్టుకోగల గరిష్ఠ కరెంటు 40 మిల్లీఆంపియర్లు, హాయిగా ఇవ్వగలిగేది అందులో సగమే. అప్పుడు ఒక ట్రాన్సిస్టర్, బజర్‌కు అడ్డంగా ఒక డయోడ్ తప్పనిసరి.

ఒకే స్వరం రెండుసార్లు వెంటవెంటనే వస్తే అవి అతుక్కుని ఒకే పొడవాటి స్వరంలా వినిపిస్తాయి. ప్రతి స్వరం నిడివిలో చివరి పదో వంతును నిశ్శబ్దంగా వదిలిపెట్టండి. బాణీకి ప్రాణం పోసేది ఈ చిన్న విరామమే అని నేను నమ్ముతాను. స్వరాలన్నీ సరిగా ఉన్నా బాణీ యంత్రం అరుపులా వినిపిస్తోందంటే చాలాసార్లు విరామాలు లేకపోవడమే కారణం.

బహుమతి ప్రకటన కోసం మాత్రం మొత్తం బాణీని మోగించవద్దు. తెరుచుకున్న క్షణంలో ఒక సెకను లోపు ముగిసే చిన్న పిలుపు చాలు. 523, 659, 784 హెర్ట్జ్ స్వరాలను ఒక్కొక్కటి 120 మిల్లీసెకన్లు, ఆ తరువాత 1047ను 480 మిల్లీసెకన్లు పలికించి చూడండి. స్వరాలు పైకి ఎక్కి, పై మెట్టు మీద కాసేపు నిలబడతాయి. ఏమీ చెప్పకుండానే వినేవారికి అది గెలుపు అని తెలుస్తుంది. ఆరు బాణీలకూ ఈ పిలుపు ఒకటే ఉండాలి. రెండోసారి వినేసరికే ఏదో తెరుచుకుందని ఎల్‌ఈడీ చూడకుండానే చెవి గుర్తుపడుతుంది. పిలుపును ఆపనివ్వకండి, అది ఒక సెకనే; ఆ తరువాత మోగే పూర్తి బాణీని మాత్రం ఏ బటన్ నొక్కినా ఆగిపోనివ్వండి. అయితే బాణీని ఆపడానికి నొక్కిన ఆ నొక్కు ఆటలో జవాబుగా లెక్కలోకి రాకుండా చూసుకోవాలి.

ఒకే బజర్‌తో స్వరమేళం కావాలంటే మూడు స్వరాలను ఒక్కొక్కటి 25 మిల్లీసెకన్ల చొప్పున చుట్టి చుట్టి పలికించండి. ఒకేసారి కొద్ది స్వరాలే పలకగలిగిన పాత గేమ్ యంత్రాల్లో ఈ ఉపాయాన్ని విరివిగా వాడారు. టోన్ ఫంక్షన్ ఒక సమయంలో ఒక్క పిన్ మీద ఒక్క స్వరాన్నే పలికించగలదు గనుక మనకూ అదే దారి.

ఆటలోని నాలుగు బటన్లకు ఏ స్వరాలు పెట్టారో మీరు చెప్పలేదు. మీ ఆటకు పూర్వీకురాలైన సైమన్ 1978లో వచ్చింది. దాని రూపకర్తల్లో ఒకరైన రాల్ఫ్ బేర్, ఏ వరుసలో మోగినా వినసొంపుగా ఉండాలని నాలుగు స్వరాలనూ బ్యూగుల్ వాద్యం స్వరాల నుంచి ఎంచుకున్నారు. మీరు కూడా పైన చెప్పిన నాలుగు స్వరాలనే బటన్లకు పెట్టుకుంటే, బహుమతి పిలుపు ఆటలోంచే పుట్టినట్టు ఉంటుంది.

జవాబు 4

రహస్య వరుస గురించి. మీ కోడ్ ఇప్పటివరకు ఎన్ని సరిపోయాయో లెక్కపెడుతూ, తప్పు రాగానే సున్నాకు వెళుతోందని ఊహిస్తున్నాను. 1986లో గ్రేడియస్ ఆటను ఇంటి కన్సోల్‌కు మార్చే సమయంలో పుట్టిన, బటన్ల రహస్య వరుసైన కోనామి కోడ్‌ను ఉదాహరణగా తీసుకోండి: అది పైకి, పైకి, కిందికి, కిందికి అని మొదలవుతుంది. ఆడేవారు పొరపాటున మూడుసార్లు పైకి నొక్కి, ఆ తరువాత మిగతాదంతా సరిగా నొక్కారనుకుందాం. చివరి రెండు పై నొక్కులతో కలిపి చూస్తే వరుస సరైనదే. కానీ మీ లెక్క మూడో నొక్కు దగ్గర తప్పు అని చెప్పి సున్నాకు పడిపోతుంది. తప్పిన నొక్కును కొత్త మొదటి అడుగుగా తీసుకున్నా, తరువాత కిందికి అన్నది రాగానే మళ్లీ పడిపోతుంది. లెక్కపెట్టడం మానేసి, వరుస పొడవు ఎంతో అన్ని చివరి నొక్కులను దాచుకుని, కొత్త నొక్కు వచ్చిన ప్రతిసారీ పాతదాన్ని ఒక గడి జరిపి మొత్తాన్నీ పోల్చండి. పది బైట్లు, పది పోలికలు. ఈ చిప్‌కు అది ఏమాత్రం భారం కాదు.

దాచిపెట్టడం విషయంలో నాదొక మనవి. మూసి ఉన్న బాణీల జాడ కూడా మెనూలో లేకపోతే, వాటి కోసం ఆడాలని ఎవరికీ అనిపించదు. మూసి ఉన్నదాని దగ్గరికి వచ్చినప్పుడు ఎల్‌ఈడీ మసకగా వెలిగి, ఆ బాణీలోని మొదటి రెండు స్వరాలు మాత్రం పలికి ఆగిపోతే, మిగతాది వినాలన్న ఆశ పుడుతుంది. రహస్య బాణీకి మాత్రం ఏ జాడా ఉండకూడదు. మొదటి ఆరూ శ్రమకు ఫలం, ఏడవది వెతికినవారికి దొరికేది; రెండింటినీ ఒకేలా చూపిస్తే రెండూ చప్పబడతాయి.

ఈఈప్రామ్ ఒక్కటే చాలని రెండవ జవాబు ఇచ్చినవారు అనుకుంటున్నట్టుంది, అక్కడ నేను కొంచెం వేరుగా ఆలోచిస్తాను. బ్యాటరీతో నిలిచే మెమరీని ప్రతి క్యాట్రిడ్జ్‌లోనూ పెట్టడం ఖరీదైన రోజుల్లో ఎన్నో ఆటలు సాధించినదంతా ఒక పాస్‌వర్డ్‌గా ఇచ్చేవి, ఆడేవారు దానిని కాగితం మీద రాసుకునేవారు. మీ బోర్డుకూ అది సరిగ్గా సరిపోతుంది. నాలుగు బటన్లంటే ఒక్కో నొక్కు రెండు బిట్‌లు. బాణీల బైట్‌కు నాలుగు నొక్కులు, తప్పు పట్టుకోవడానికి మరో రెండు, మొత్తం ఆరు రంగుల వరుస. ఆరు నొక్కుల వరుసలు 4096 ఉంటే వాటిలో 256 మాత్రమే చెల్లుతాయి, అంటే ఊహించి నొక్కేవారికి పదహారింటిలో ఒక్క అవకాశమే. పైగా ఈ వరుసను బజర్ మీద పలికిస్తే ఆడేవారి సాధన అంతా ఆరు స్వరాల చిన్న బాణీ అయిపోతుంది. దానిని గుర్తుపెట్టుకుని స్నేహితుల బోర్డు మీద వాయించి తమ బాణీలన్నీ తెరుచుకోవచ్చు. జ్ఞాపకశక్తి ఆటకు ఇంతకంటే తగిన తాళంచెవి నాకు తోచడం లేదు.

జవాబు 2 ఇచ్చినవారు

పాస్‌వర్డ్ ఆలోచన నాకూ నచ్చింది, ఈఈప్రామ్‌తో పాటు అదీ ఉండవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. బిట్‌లను ఉన్నవి ఉన్నట్టుగా నొక్కులుగా మారిస్తే, ఏమీ తెరవని బోర్డు వరుస మొదట్లోనే నాలుగుసార్లు ఒకే రంగు వస్తుంది, ఒక బాణీ తెరిస్తే ఒక రంగు మారుతుంది. రెండు మూడు వరుసలు చూసినవారు గుట్టు పట్టేస్తారు. బాణీల బైట్‌ను ఒక స్థిరమైన సంఖ్యతో ఎక్స్‌క్లూజివ్ ఆర్ (రెండు బిట్‌లు వేరైతేనే 1 ఇచ్చే లెక్క) చేసి, ఆ వచ్చిన బిట్‌ల స్థానాలను కూడా కలగలిపి ఆ తరువాత నొక్కులుగా మార్చండి. ఇంకొకటి, పాస్‌వర్డ్‌తో వచ్చిన బైట్‌ను పాతదాని మీద రాసేయకుండా రెండింటినీ ఆర్ (ఏ ఒక్కదానిలో 1 ఉన్నా 1 ఇచ్చే లెక్క) చేసి కలపండి. స్నేహితులు మూడు బాణీలే తెరిచి ఉంటే, వారి వరుస నొక్కినందుకు ఇక్కడ ఉన్న ఐదు బాణీలు మూడుకు తగ్గిపోకూడదు కదా.

ప్రశ్న అడిగినవారు

బాణీలను రెండు స్థాయిలు పైకి జరిపాను, చివరి పదో వంతు విరామం పెట్టాను. ఒకే బజర్, అదే బోర్డు. పాతదానితో పోల్చితే నమ్మలేకపోయాను. బటన్లకు ఆ నాలుగు స్వరాలనే పెట్టాను. రహస్య వరుసకు చివరి నొక్కులను దాచుకునే పద్ధతి రాశాను, కావాలనే మొదట్లో అదనపు నొక్కులు వేసి చూసినా ప్రతిసారీ తెరుచుకుంది. ఆరు స్వరాల పాస్‌వర్డ్‌ను రేపు మొదలుపెడతాను. ఆర్ చేసి కలపాలన్న సంగతి నాకు తోచేదే కాదు, నేను నేరుగా రాసేద్దామనుకున్నాను. నిన్న ఇంట్లో ఒకరు ఆడుతూ 8 అడుగులకు చేరారు, ఆ నాలుగు స్వరాల పిలుపు వినగానే బోర్డు వైపు చూడకుండానే ఏం తెరుచుకుంది అని అడిగారు.